ఓడ దగ్గర మొదలుపెట్టకు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం, దానితో పాటు మీ అత్తగారు దాచుకున్న తొమ్మిది టైపు పేజీల ఫొటోలు అందాయి. పుట్టబోయే బిడ్డకు తండ్రి వైపు వంశవృక్షం తయారు చేసి ఇవ్వాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. ఆ పేజీల్లో మొదటి పేరు జాన్ హౌలాండ్, 1620లో ఇంగ్లండ్ వలసదారులను అమెరికాకు తెచ్చిన మేఫ్లవర్ ఓడలో, ఇప్పటి మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌కు వచ్చినవాడు. చివరి పేరు మీ ఆయన. మధ్యలో పదకొండు పేర్లు. నువ్వు హౌలాండ్ పిల్లల జాబితా ముందు పెట్టుకుని కిందికి వెతకడం మొదలుపెట్టానని రాశావు. ముందు ఆ పని ఆపు.

ఈ మసాచుసెట్స్‌లో ఇరవై రెండేళ్లు ఒక ఊరి లైబ్రరీలో, స్థానిక చరిత్ర గదిలో పనిచేసినదాన్ని. తలుపు తోసుకుని వచ్చేవాళ్లలో సగం మంది చేతిలో ఓడ ఉండేది, తమ ముత్తవ్వ పేరు మాత్రం తెలిసేది కాదు. హౌలాండ్‌కు పదిమంది పిల్లలు. పదిమందీ బతికి, పెళ్లిళ్లు చేసుకున్నారు. మనవలు ఎనభైకి పైగా. అక్కడి నుంచి కిందికి దిగితే దారులు వేలకు వేలు, నీ దారి ఏదో ఏ మలుపూ చెప్పదు. పైగా ఎక్కడో ఒకచోట నీకు కావలసిన పేరు గల మనిషి తప్పకుండా కనిపిస్తాడు, నువ్వు సంతోషంగా అతణ్ణి పట్టుకుంటావు. కింది నుంచి పైకి ఎక్కితే ఆ బాధ లేదు. ఏ మనిషికైనా తల్లి ఒక్కతే, తండ్రి ఒక్కడే.

కాబట్టి మీ ఆయన జనన ధ్రువపత్రంతో మొదలుపెట్టు. నవ్వకు. ఆయన ఎవరి కొడుకో నీకు తెలుసు, కాగితం కూడా చెప్పాలి. తరవాత అత్తగారిది, ఆమె తల్లిదండ్రుల పెళ్లి నమోదు, ఆ పైవాళ్లది. 1950 నుంచి వెనక్కి 1880 దాకా జనాభా లెక్కల పత్రాలు చేతికర్రలా ఆదుకుంటాయి. ఒక్క 1890 లెక్కలు మాత్రం 1921 నాటి అగ్నిప్రమాదం వల్ల దాదాపు పూర్తిగా పోయాయి. 1880 నుంచి 1900కు గెంతాల్సిందే. ఆ ఇరవై ఏళ్ల మధ్య పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల ఇంటిపేరు మారి మాయమవుతుంది, పెళ్లి నమోదులోనే ఆమెను వెతకాలి. ఇది నెల రోజుల పని, పెద్ద కష్టం లేదు.

అసలు కష్టం మీ అత్తగారి పేజీల్లో ఒక్క మాటలో దాక్కుని ఉంది. ఏడో తరం దగ్గర ఏముందో చూశావా? ‘సుమారు 1788లో జననం, న్యూయార్క్ రాష్ట్రానికి వలస’. తక్కిన అందరికీ తేదీ, నెల, ఊరు ఉన్నాయి. ఇతనికి మాత్రం ‘సుమారు’. ఈ వృక్షం మొత్తం ఆ మాట మీదే వేలాడుతోంది.

అందరూ 1600లే చీకటి కాలమనుకుంటారు. మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల రాష్ట్రాలు కలిసిన న్యూ ఇంగ్లండ్‌కు సంబంధించినంత వరకూ అది పొరపాటు. మసాచుసెట్స్ వాళ్లు 1639లోనే జననం, పెళ్లి, మరణం నమోదు చేయాలని చట్టం చేసుకున్నారు. ఊరి గుమాస్తాలు అన్నీ రాయకపోయినా చాలానే రాశారు. 1850 దాకా ఉన్న ఆ నమోదులు చాలా ఊళ్లకు విడివిడి పుస్తకాలుగా తరవాత అచ్చయ్యాయి కూడా. పైగా మేఫ్లవర్ వాళ్ల మొదటి ఐదు తరాలను, ఆరో తరం పిల్లల పేర్లతో సహా, 1897లో ఏర్పడ్డ వారసుల సంఘం ఆధారాలతో అచ్చు వేస్తోంది. వెండి రంగు అట్టలు, లైబ్రరీలో దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. హౌలాండ్ నుంచి ఆరో తరం వరకూ నీ పని ఆ సంపుటాలు తెరిచి సరిచూసుకోవడమే.

ఆ తరవాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసింది. రాళ్లతో నిండిన చిన్న చిన్న పొలాలు, ఇంటికి ఎనిమిదిమంది కొడుకులు. కొత్త భూముల కోసం వెర్మాంట్‌కు, న్యూయార్క్ పడమటి వైపుకు, ఒహాయోకు జనం కదిలిపోయారు. న్యూయార్క్ రాష్ట్రంలో జనన మరణాల నమోదు స్థిరపడింది 1880ల మొదట్లో! 1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది. తక్కినవాళ్లు వయసుల గడుల్లో అంకెలు మాత్రమే. 1850లో స్వేచ్ఛగా ఉన్న ప్రతివారి పేరూ రాశారు గానీ ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. అది 1880లో వచ్చింది. మీ ‘సుమారు 1788’ పెద్దమనిషి సరిగ్గా ఈ గోతిలో పడ్డాడు. అతను ఫలానా ఆరో తరం వాడి కొడుకేనని నిరూపించే కాగితం ఆ పేజీల్లో ఒక్కటీ లేదు.

ఇక్కడ తొందరపడకు. మొదట భూమి పత్రాలు చూడు. వీలునామా రాయకుండా పోయిన తండ్రి పొలాన్ని వారసులు అమ్మినప్పుడు, దూరంగా ఉన్న కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు కూడా తమ వాటా వదులుకుంటూ సంతకాలు పెట్టేవాళ్లు. మన ఊళ్లో హక్కు విడుదల పత్రం లాంటిదే. ‘న్యూయార్క్‌లోని ఫలానా ఊరి నివాసిని, స్వర్గీయ ఫలానావారి కొడుకుని’ అని రాసిన పత్రం ఒక్కటి దొరికితే నీ గోతి మీద వంతెన పడ్డట్టే. కాబట్టి అతను వెళ్లిన ఊళ్లో కాదు, వదిలిన ఊళ్లో వెతుకు. మసాచుసెట్స్‌లో ఇవి జిల్లాలవారీగా ఉంటాయి, అమ్మినవారి పేర్లకు ఒక సూచిక, కొన్నవారి పేర్లకు ఒకటి. అమ్మినవారిది తీసుకో. చిన్నపిల్లలున్న తండ్రి పోతే కోర్టు సంరక్షకుణ్ణి నియమించేది. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలు తమకు నచ్చినవారిని ఎంచుకోవచ్చు. ఆ ఒక్క కాగితంతో తండ్రి పేరూ, పిల్లవాడి వయసూ రెండూ తెలుస్తాయి.

ఇంకొక గని, ఆ స్వాతంత్ర్య యుద్ధ సైనికుల పింఛన్ల దస్త్రాలు. 1832 చట్టంతో మామూలు సైనికులకూ, 1836 చట్టంతో వితంతువులకూ దారి విశాలమైంది. కానీ పెళ్లి జరిగిందని ఆ ముసలమ్మలు రుజువు చూపాలి. నమోదు ఎక్కడుంటుంది పాపం, కుటుంబం బైబిల్లో పిల్లల పుట్టిన తేదీలు రాసుకున్న పేజీ చింపి పంపేవాళ్లు. ఆ చింపిన పేజీలు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మొదటిసారి అలాంటిది చూసినప్పుడు నేను పని మానేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇరుగుపొరుగును కూడా వదలకు. నిజాంసాగర్ కింద కొత్త భూములకు మన కోస్తా రైతులు ఒక్కొక్కరుగా పోలేదు కదా, బంధుబలగంతో పోయి క్యాంపులు కట్టుకున్నారు. వీళ్లూ అంతే. 1820 లెక్కల్లో అతని ఇంటికి అటు పది, ఇటు పది ఇళ్ల యజమానుల పేర్లు రాసుకో. ఆ పేర్లన్నీ మసాచుసెట్స్‌లో ఏ ఊళ్లో కలిసి కనిపిస్తాయో చూడు. తండ్రి పేరు దొరకకపోయినా ఊరు దొరుకుతుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక పెద్దాయనకు సాయం చేస్తూ, ఒకే ఊళ్లో ‘సీనియర్’, ‘జూనియర్’ అని రాసి ఉన్న ఇద్దరిని తండ్రీకొడుకులుగా కలిపేశాను. ఆయన దాన్ని అచ్చు వేయించి బంధువులందరికీ పంచాడు. ఏడాది తరవాత వీలునామా బయటపడింది. వాళ్లకు చుట్టరికమే లేదు! ఆ రోజుల్లో ఒకే పేరు గలవాళ్లలో పెద్దవాడు సీనియర్, చిన్నవాడు జూనియర్, అంతే. పెద్దవాడు పోతే జూనియర్ మర్నాటి నుంచి సీనియర్. ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. 1600ల ఇంగ్లిష్‌లో ‘కజిన్’ అంటే మేనల్లుడు కావచ్చు, ‘మదర్-ఇన్-లా’ అంటే సవతి తల్లి కావచ్చు. చిన్నమ్మకూ పెద్దమ్మకూ అత్తకూ వేరువేరు పేర్లున్న భాషలో పెరిగినదానివి, వాళ్ల పిసినారితనానికి నీకు విసుగు వస్తుంది.

తేదీల విషయంలో మాత్రం నువ్వు తేలిగ్గా నెగ్గుకొస్తావు. 1752 దాకా ఇంగ్లండ్ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. ఉగాది జరుపుకునేవాళ్లకు అందులో వింతేముంది? అందుకే జనవరి, ఫిబ్రవరి తేదీలకు రెండు సంవత్సరాలు రాస్తారు. హౌలాండ్ పోయింది 1672/73 ఫిబ్రవరి 23న. మీ పేజీల్లో ఒక చోట 1672, ఇంకో చోట 1673 ఉన్నది ఇందుకే. రెండూ ఒకటే చావు. పాత రికార్డులో ‘మొదటి నెల’ అని ఉంటే అది మార్చి అని గుర్తుంచుకో.

ఇప్పుడు మీ అత్తగారి పేజీల్లో నాకు అన్నిటికంటే రుచించిన సంగతి. అందులో హౌలాండ్ భార్యను ప్లిమత్ తొలి గవర్నర్ కార్వర్ మనవరాలిగా చూపించారు. పాపం హౌలాండ్ కార్వర్ ఇంట్లో పనివాడిగా వచ్చినవాడు. దారిలో తుఫానుకు సముద్రంలో పడి, వేలాడుతున్న తాడు పట్టుకుని బతికాడు. అలాంటివాడు గవర్నర్ ఇంటి పిల్లను చేసుకున్నాడంటే కథ బాగుంటుంది కదా. చాలా ఏళ్లు అందరూ అలాగే నమ్మారు, ప్లిమత్ శ్మశానంలో రాయి మీద చెక్కించారు కూడా. కార్వర్ తరవాత గవర్నరైన బ్రాడ్‌ఫర్డ్ స్వహస్తంతో రాసిన ప్లిమత్ చరిత్ర అప్పట్లో కనిపించకుండా పోయింది. 1855లో అది లండన్ బిషప్ గ్రంథాలయంలో బయటపడింది, మరుసటి ఏడాది అచ్చయింది. అందులో హౌలాండ్ భార్య అదే ఓడలో వచ్చిన జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్ అని స్పష్టంగా ఉంది. మొదటి చలికాలంలోనే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్ల. ఇంగ్లండ్‌లోని హెన్లో గ్రామంలో 1607 నాటి ఆమె బాప్తిస్మం నమోదు కూడా దొరికింది.

అంటే ఏమిటి? మీ పేజీలు టైపు చేసింది ఎప్పుడైనా, వాటి మూలం 1856కు ముందుదో, ఆ తరవాతి సంగతి తెలియనివారిదో అయి ఉండాలి. ఏడో తరం గురించి ఆ మూలం చెప్పినదాన్నీ అంతే అనుమానంతో చదువు. పేజీల తల మీద హౌలాండ్ పూర్వీకుడంటూ అలంకారంగా చేర్చిన ఇంగ్లిష్ నైట్‌ను (రాజు బిరుదిచ్చిన వీరుణ్ణి), రంగుల కవచ చిహ్నాన్ని కొట్టేయి. హౌలాండ్ తండ్రి ఫెన్‌స్టాంటన్ గ్రామానికి చెందిన హెన్రీ. కవచ చిహ్నం ఒక మనిషికి, అతని వారసులకు ఇస్తారు, ఇంటిపేరుకు కాదు. గుస్టావ్ ఆంజూ (1863–1942) అనే ఘనుడు న్యూయార్క్‌లో కూర్చుని ధనికులకు వేల డాలర్లకు దొంగ వంశావళులు అమ్మాడు. మన రాజుల శాసనాల్లో వంశం చంద్రుడి దగ్గర మొదలయ్యేది కదా, ఈయన అంతదూరం పోలేదు, అంతే తేడా. ఆన్‌లైన్‌లో కనిపించే వృక్షాలు చాలావరకు ఇలాంటి పాత పుస్తకాల నకళ్లే. వెయ్యి మంది ఒకే తప్పు దించుకుంటే అది వెయ్యి సాక్ష్యాలవదు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే అసలు పత్రాల ఫొటోలు చూడు. ఊరి పుస్తకాలకు, చేతిరాత ప్రతులకు బోస్టన్‌లో 1845లో స్థాపించిన న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ ఉంది.

డీఎన్ఏ పరీక్ష చేయించమంటావా అని అడిగావు. దగ్గరి చుట్టాలకైతే మంచిదే, ఇంత దూరానికి పనికిరాదు. బిడ్డకు పదమూడు తరాల పైన 8,192 స్థానాలుంటాయి. వాటిలో ఒకటి హౌలాండ్‌ది. ఆయన రక్తపు గుర్తు ఒక్కటి కూడా మిగలకపోవచ్చు. తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే వచ్చే వై-డీఎన్ఏ ఉపయోగపడేది గానీ, మీ వరుస మధ్యలో మూడుసార్లు కూతుళ్ల మీదుగా వచ్చింది. అన్నట్టు ఆ 8,192లో సగం మన వైపువి. శ్రాద్ధంలో చెప్పే మూడు తరాల పేర్లకు పైన మీ నాన్నకు ఏమైనా తెలుసా? ఆయన ఓపికగా ఉన్న పూట అడిగి రాసిపెట్టు.

ఒక కష్టమైన మాట. మసాచుసెట్స్‌లో బానిసత్వం 1780ల దాకా ఉంది. 1700ల నాటి ఆస్తి జాబితాల్లో ఆవులకూ మంచాలకూ మధ్య ఒక మనిషి పేరు, పక్కన ధర కనిపించవచ్చు. కొన్నిచోట్ల ఆ మనిషి గురించి మిగిలింది ఆ ఒక్క వరుసే. దాన్ని యథాతథంగా, ఏ పత్రం, ఏ పేజీ అన్న వివరంతో ఎత్తి రాయి. మీ అత్తగారికీ చూపించు. ఆ పేరు కోసం వెతుకుతున్న కుటుంబం ఇంకొకటి ఉంటుంది. ఆ పొలాలు అంతకు ముందు అక్కడి మూలవాసులైన వాంపనోగ్ ప్రజలవన్నది కూడా మొదటి తరం పేజీలోనే రాయి.

ప్రతి తరానికీ ఒక కాగితం కేటాయించు. ఈ మనిషి ఆ మనిషి బిడ్డ అని ఎలా తెలుసు అన్న ఒక్క ప్రశ్నకు అందులో జవాబు రాయి. జవాబు లేకపోతే ఖాళీగా ఉంచు. ఏడో తరం కాగితం ఖాళీగానే ఉండిపోయినా, ఆ ఏడో తరం మనిషి నుంచి బిడ్డ దాకా గట్టి వృక్షం చేతిలో ఉంటుంది. అది చిన్నదేమీ కాదు.

ఇంకొక పని ఈ వారమే చెయ్యి. అత్తగారి దగ్గర పాత కుటుంబ బైబిల్ ఉందన్నావు, పుట్టిన తేదీల పేజీ ఫొటో మాత్రమే పంపావు. ముద్రణ సంవత్సరం ఉన్న మొదటి పేజీ ఫొటో కూడా తీయించి పంపు. ఆ పుస్తకం అచ్చయింది 1850లో అయితే, 1788 నాటి పుట్టుకను అందులో రాసినవాళ్లు ఎవరో, ఎవరు చెప్పగా రాశారో మనం ముందు తేల్చుకోవాలి. సిరా రంగు అన్ని వరుసల్లో ఒకేలా ఉందేమో ఆవిణ్ణే చూసి చెప్పమను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ