ఆ సంచీలో ఏముందో ఆమెకి తెలియదు

అమ్మాయ్,

నీ కథ ఒక్క ఊపులో చదివానని అబద్ధం చెప్పను. పదకొండో పేజీలో నీ హీరోయిన్ రోడ్డు పక్కన బండి ఆపి, భుజానున్న సంచీలోంచి కవరు తీసి, లక్క ముద్ర పగలగొట్టి లోపలి కాగితం చదివేసింది చూడు, అక్కడ ఒళ్లు మండి కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. మళ్లీ సాయంత్రం కూర్చుని మిగతాది పూర్తి చేశాను. పూర్తి చెయ్యకపోయి ఉంటే 'బావుంది, ఇంకా కృషి చెయ్యి' అని రెండు ముక్కలు రాసి పంపేదాన్ని. కొత్తవాళ్లకి మా తరం పంపే జవాబు మామూలుగా అదే, దానర్థం చదవలేదని.

చోటు బాగా ఎంచుకున్నావు. 1941, ఇంగ్లండ్‌లో ప్లిమత్ రేవు, పైన జర్మన్ విమానాలు, కింద బ్రిటిష్ నౌకాదళంలో ఆడవాళ్ల విభాగం, రెన్స్ అనేవాళ్లు, అందులో మోటార్‌సైకిల్ మీద ఉత్తర్వులు మోసే పిల్ల. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని ఆ పిల్ల చేత కవరెందుకు చింపించావు? చింపితే ఏం శిక్ష పడేదన్నది కాదు నా గొడవ. మోసేవాళ్లకి తాము మోసేదేమిటో తెలియదు, ఆ తెలియకపోవడాన్ని వెంటేసుకుని చీకట్లో, వానలో, బాంబుల కింద వెళ్లి రావడమే వాళ్ల ఉద్యోగం. దాన్ని తీసేస్తే నీ దగ్గర మిగిలేది బండి మీద ఒక అందమైన అమ్మాయి. అలాంటి అమ్మాయిని చూపించడానికి కథ రాయక్కర్లేదు, సినిమా వాళ్లున్నారు.

అసలు ఫోనూ వైర్‌లెస్సూ ఉండగా కాగితాలు మనిషి చేత ఎందుకు పంపేవాళ్లో నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు. వైర్‌లెస్‌లో మాట్లాడితే శత్రువు వింటాడు. ఫోను తీగలు బాంబు పడగానే తెగుతాయి. అప్పుడిక మిగిలేది సంచీ, దాన్ని మోసే మనిషి, ఒక ఇంజను. జర్మన్ల సంకేత సందేశాలు వైర్‌లెస్‌లో విని రాసుకునే స్టేషన్లు ఇంగ్లండ్‌లో చాలా చోట్ల ఉండేవి, ఆ కాగితాల్లో ఎన్నో మోటార్‌సైకిళ్ల మీదే బ్లెచ్లీ పార్క్‌కి, అంటే ఆ సంకేతాల్ని విప్పే రహస్య కేంద్రానికి, చేరేవి. అక్కడ ఏం జరిగిందో లోకానికి 1970లలో గానీ తెలియలేదు. అప్పటిదాకా ఆ సంచులు మోసినవాళ్లకి తాము మోసింది బరువు మాత్రమే. నువ్వు రాయాల్సింది ఆ బరువు గురించి.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన జ్ఞానం కాదులే. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఏలూరులో టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేశాను. మా దగ్గర ఒక ప్యూను ఉండేవాడు, సైకిలు మీద టెలిగ్రాములు పంచేవాడు. కవరు అంటించి ఇచ్చేవాళ్లం, లోపల ఏముందో మాకు తెలుసు, అతనికి తెలియదు. పెళ్లి శుభాకాంక్షలు కావచ్చు, ఉద్యోగం వచ్చిన కబురు కావచ్చు. కానీ అతను సైకిలు దిగేసరికే ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఏడుపు మొదలుపెట్టేవాళ్లు. వాళ్లు ఏడుస్తుంటే సంతకం కోసం కాగితం చాపి నిలబడాలి. ఏడుపు ఆపమనడానికి లేదు, ఎందుకంటే అది ఏడవాల్సిన కబురో కాదో అతనికీ తెలియదు కదా. అతని మీద నేనొక కథ రాశాను. నా మొదటి మంచి కథ అదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఒక వారపత్రికకి పంపితే అక్కడి ఎడిటరుగారు 'మీ ప్యూను ఆ టెలిగ్రాం విప్పి చదివితే డ్రామా పండుతుందమ్మా' అని కార్డు రాశారు. ఒప్పుకోనని జవాబు రాశాను. ఆయన నా ఉత్తరం అందనట్టే ఊరుకుని, తనే విప్పించి, చదివించి, ప్యూను చేత కన్నీళ్లు కూడా పెట్టించి అచ్చేశారు. పైగా శీర్షిక కూడా మార్చారు. చుట్టాలందరూ మెచ్చుకున్నారు, నేను చాలాకాలం ఆ సంచిక ఇంట్లో ఉంచుకోలేదు. ఇప్పుడు నువ్వు ఎవరూ అడగకుండానే, ఏ ఎడిటరూ కార్డు రాయకుండానే, నీ చేత్తో నువ్వే కవరు చింపించావు. కోపం రాదూ మరి?

ప్లిమత్ సంగతి ఎక్కడో చదివే మొదలుపెట్టి ఉంటావు, అక్కడ నిజంగానే ఈ పని చేసిన పామెలా మెక్‌జార్జ్ గురించి అయ్యుండాలి. బాంబు పక్కనే పడి బండి మీంచి కిందపడిపోయింది, బండి పాడైంది, ఇక లాభం లేదని దాన్ని అక్కడే వదిలేసి దాదాపు అర మైలు పరిగెత్తి కాగితాలు కమాండర్-ఇన్-చీఫ్ ఆఫీసులో ఇచ్చింది. ఇచ్చి, మళ్లీ వెళ్లడానికి సిద్ధంగా ఉన్నానంది. దానికి బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. ఇందులో ఆమె కవరు చింపిందా? ఆ కాగితంలో ఓడల కబురుందో, బూట్ల లెక్కలున్నాయో మనకి కావాలా? ఆమె పరుగెత్తుతుంటే నా గుండె కొట్టుకుంది, ఆ కాగితంలో ఏముందో తెలిస్తే అంతలా కొట్టుకోదు.

ఇంకో సంగతి. నీ మొదటి పేజీ అంతా జుట్టే. బండి ఆపింది, టోపీ తీసింది, జుట్టు జలపాతంలా జారింది, చుట్టూ ఉన్న నావికులు నోళ్లు తెరిచారు. యూనిఫాంలో ఉన్నప్పుడు జుట్టు కాలరుకి తగలకూడదన్నది అక్కడి నియమం, జలపాతాలకి చోటెక్కడిది? నియమం సంగతి అలా ఉంచు. అమెరికాలో వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్లు, అగస్టా, అడెలిన్, 1916లో చెరో ఇండియన్ మోటార్‌సైకిల్ మీద న్యూయార్క్ నుంచి బయల్దేరి దేశం ఆ చివరికి వెళ్లారు. ఎందుకంటే యుద్ధం వస్తే ఆడవాళ్లు కూడా డిస్పాచ్ రైడర్లుగా, అంటే నీ పిల్లలా బండి మీద ఉత్తర్వులు మోసేవాళ్లుగా, పనికొస్తారు, ఆ మేరకి మగవాళ్లు వేరే పనికి మిగులుతారు అని రుజువు చెయ్యడానికి. జులై 4న బయల్దేరి సెప్టెంబరు మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. దారిలో 14,000 అడుగులు దాటిన పైక్స్ పీక్ కొండ కూడా ఎక్కించారు ఆ బళ్లని, సాల్ట్ లేక్ సిటీ దాటాక ఎడారిలో దారి తప్పి నీళ్లు అయిపోయి, దారిన పోయే ఒకాయన నీళ్లిస్తే బతికారు. షికాగో దాటాక చిన్న చిన్న ఊళ్లలో పోలీసులు వాళ్లని పట్టుకున్నారు. నేరం ఏమిటంటే మగవాళ్ల బట్టలు వేసుకోవడం, అంటే ప్యాంటు. డెన్వర్‌లో ఒక పత్రిక, దేశభక్తి అనేది వీళ్లకి వంక మాత్రమే, అసలు సంగతి ఖాకీలో తోలు బట్టల్లో ఒంపులు చూపించుకోవడమేనన్న అర్థంలో రాసింది. మోటార్‌సైకిల్ పత్రిక ఒకటేమో బండిని మెచ్చుకుని వాళ్ల సాహసాన్ని షికారు కింద కొట్టేసింది. చివరికి అడెలిన్ డిస్పాచ్ రైడర్‌గా తీసుకోమని దరఖాస్తు పెడితే సైన్యం వద్దంది. తర్వాత ఆమె లా చదువుకుని లాయరైంది, అగస్టా విమానం నడిపింది. అలా రాసిన ఆ డెన్వర్ విలేఖరికీ, నీ మొదటి పేజీకీ తేడా ఎంత? నువ్వు ప్రేమగా రాశావు, వాడు వెక్కిరింపుగా రాశాడు. చూపు మాత్రం ఒకే చోట ఆగింది.

'సివంగి' అని నాలుగుసార్లు, 'అపర ఝాన్సీ' అని ఒకసారి రాశావు. అన్నీ కొట్టేశాను. ఇది నీ ఒక్కదాని జబ్బు కాదు. మార్చి 8 వస్తే చాలు ప్రతి పత్రికకీ ఒక స్ఫూర్తిదాయక మహిళ కావాలి, గులాబీ రంగు బోర్డరు కావాలి, పోటీకి పది మంది సివంగులు వస్తారు, ముగ్గురికి బహుమతులు. ఆ సివంగుల్లో ఒక్కళ్లకైనా చెయిన్ లూజయిందా, ప్లగ్గు నల్లబడిందా, ఇంజనుకి నిప్పురవ్వ అందించే మాగ్నెటో తడిసి మొరాయించిందా? ఎవరికీ ఏమీ పాడవదు. బండెక్కుతారు, దూసుకుపోతారు, అంతే.

ఈ పని చేసినవాళ్లు అలా రాలేదమ్మాయ్. మైరీ చిషోమ్ అనే స్కాట్లండ్ పిల్ల గుర్రపు లాయంలో కూర్చుని మోటార్‌సైకిళ్లు విప్పి మళ్లీ బిగించేది, తల్లి వద్దన్నా తండ్రి డగ్లస్ బండి కొనిచ్చాడు. 1914లో యుద్ధం రాగానే లండన్ వచ్చి డిస్పాచ్ రైడర్‌గా చేరింది, అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆమె బండి మలుపులు తిప్పే తీరు చూసే ఒక డాక్టరు బెల్జియంకి తన అంబులెన్సు బృందంలోకి తీసుకెళ్లాడు. తర్వాత పెర్వీజ్‌లో, యుద్ధ కందకాలకి కూతవేటు దూరంలో, ఒక ఇంటి సెల్లార్‌లో ఎల్సీ నాకర్‌తో కలిసి గాయపడ్డవాళ్లకి వైద్యం చేసింది, ఆ కథంతా వేరు. రెండో యుద్ధంలో థెరీసా వాలక్ ఉంది, ఆమె బ్రిటిష్ సైన్యంలో డిస్పాచ్ రైడర్‌గా, మెకానిక్‌గా పనిచేసింది. యుద్ధానికి ముందే ఫ్లోరెన్స్ బ్లెంకిరన్‌తో కలిసి, సైడ్‌కారూ ట్రైలరూ తగిలించిన 600 సీసీ పాంథర్ బండి మీద లండన్ నుంచి సహారా ఎడారి దాటి కేప్‌టౌన్ దాకా వెళ్లొచ్చిన మనిషి. ఇంజనీరింగ్ చదివింది. 1939లో బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాకు మీద 350 సీసీ నార్టన్‌తో గంటకి 100 మైళ్లు దాటించి, ఆ వేగం అందుకున్నవాళ్లకి ఇచ్చే గోల్డ్ స్టార్ బ్యాడ్జి తెచ్చుకుంది. వీళ్ల గురించి రాసేటప్పుడు గ్రీజు అంటని వాక్యం అబద్ధంలా ఉంటుంది నాకు.

అన్నట్టు, నీ పిల్ల చీకట్లో 'మైలురాయి చూసి ఎడమకి తిరిగింది'. ఎలా చూసింది? 1940లో జర్మన్లు దిగుతారన్న భయంతో ఇంగ్లండ్‌లో దారి చూపే బోర్డులు పీకేశారు, మైలురాళ్లు కూడా చాలా చోట్ల తీసేశారు. హెడ్‌లైటుకి మూత, ఆ మూతలో సన్నటి సందు, అందులోంచి వచ్చే వెలుగు విమానానికి కనపడకూడదు. ఊళ్లో దీపాల్లేవు. దారి అంతా బుర్రలో ఉండాలి, అది కూడా నిన్నటి దారి, ఎందుకంటే రాత్రి ఏ వీధిలో గుంట పడిందో ఇవాళ వెళ్తే గానీ తెలియదు. ఇదంతా నీ కథలో ఉండి తీరాలి. అది వదిలేసి చంద్రుడి మీద అర పేజీ రాశావు.

చివర్లో విమానం మీంచి తుపాకీ గుండు వచ్చి తగిలి చనిపోయింది. నాకు నమ్మకం కలగలేదు. యుద్ధం మొదలైన 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద మోటార్‌సైకిల్ నడిపేవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లు కలిసి 2,279 మంది పోయారు, అంతకుముందు 21 నెలల కంటే బాగా ఎక్కువ. లెక్కేసింది హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్, 1935లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయిన లారెన్స్ ఆఫ్ అరేబియాకి, అదే మొదటి యుద్ధంలో పేరుమోసిన బ్రిటిష్ సైనికాధికారికి, వైద్యం చేసినవాళ్లలో ఆయన ఒకడు. ఆయన రాసింది చూశాకే 1941 చివర్లో సైన్యం డ్యూటీలో హెల్మెట్ తప్పనిసరి చేసింది. చీకటి, తడి రోడ్డు, ఎదురుగా దీపాల్లేని లారీ, అలసట. జర్మన్ గుండు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆమెని చంపాలనే అనుకుంటే రోడ్డు మీద చంపు. నన్నడిగితే చంపకు, కాగితం ఇప్పించి, సంతకం తీసుకుని వెనక్కి పంపించు.

ఆ తెలుగు సిపాయిని తీసెయ్. మనవాళ్లకి కనెక్ట్ అవ్వాలని పెట్టావని ఉత్తరంలో రాశావు. ప్లిమత్ ఆసుపత్రిలో పడుకుని ఎంకి పాటలు పాడే మనిషి లేకపోతే తెలుగు పాఠకుడు ఇంగ్లీషు పిల్ల బాధ పట్టించుకోడని నీకెవరు చెప్పారు? మనవాళ్లే కావాలంటే విశాఖపట్నం ఉంది, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసిన ఊరు, ఆ ఏడాదే మన దేశంలో కూడా సైన్యానికి ఆడవాళ్ల సహాయక దళం పెట్టారు. అది విడిగా ఇంకో కథ రాయి, దీంట్లో కలపకు.

బాగున్నది ఒకటుంది, ఏడో పేజీలో. ఆఫీసు మెట్ల దగ్గర ఆమె వేళ్లు కొంకర్లు పోయి సంచీ బకిల్ తియ్యలేక, మళ్లీ కిందకి దిగి వెళ్లి ఇంజను మీద చేతులు పెట్టుకుని వెచ్చచేసుకుని వచ్చింది. లోపల ఆఫీసరు విసుక్కుంటున్నాడు. ఆ నాలుగు వాక్యాలు చదివే నీకు ఇంత రాస్తున్నాను. అది నువ్వు ఎక్కడా చదివి రాసింది కాదు, ఊహించి రాసింది. కథంతా ఆ నాలుగు వాక్యాల్లా ఉండాలి. అందులో విశేషణం ఒక్కటి లేదు చూసుకో.

నువ్వడిగిన మిగతా ప్రశ్నల్లో, ఏ పత్రికకి పంపాలన్నది నన్నడగొద్దు. పంపకముందు ఆ పత్రిక వాళ్లు మార్పులు రచయితకి చూపించి వేస్తారో లేదో మాత్రం కనుక్కో. నవలగా పెంచాలా అన్నావు, ముందు కథని తగ్గించు. పదకొండో పేజీ మొత్తం తీసేస్తే కథ దానంతటదే సగానికి వస్తుంది.

మళ్లీ రాసి పంపు. ఈసారి అను ఫాంట్లలో కాకుండా యూనికోడ్‌లో పంపు, నా ఫోనులో తెరిస్తే అంతా గజిబిజిగా వచ్చింది, మా మనవడు కూర్చుని మార్చి ప్రింటు తీసిపెట్టాడు. సంక్రాంతి తర్వాత రెండు నెలలు మా అమ్మాయి దగ్గర ఉంటాను, ఆలోపు పంపితే తీరిగ్గా చదువుతాను, తర్వాతైతే ఎప్పుడు చూస్తానో చెప్పలేను.