దిగుబడి తక్కువైన నాటు జొన్నలు ప్రజనన పరిశోధనకు ఎందుకు?

అధిక దిగుబడినిచ్చే సంకర జొన్నలు ఉండగా, నిలువెత్తు పెరిగి ఆలస్యంగా కోతకు వచ్చే నాటు రకాలతో కొత్త వంగడాలు రూపొందించేవారికి ఏం పని అని అడిగారు. ఆ ‘ఆలస్యం’ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక ప్రయోగ క్షేత్రంలో నాటు జొన్నల పూత తేదీలు నమోదు చేసే పని నాకు అప్పగించారు. విచ్చుకున్న కంకి వేసే ఒక రకం విత్తనం కొంత మిగిలిపోతే, మొదటి సాలు వేసిన మూడు వారాలకు దాన్ని పక్కనే మరో సాలులో విత్తాము. రెండు సాళ్లకూ ఎత్తులో తేడా దూరానికే తెలిసేది. పూత మాత్రం నాలుగైదు రోజుల తేడాతోనే వచ్చింది. ఆ రకం విత్తిన రోజును బట్టి కాక, తగ్గుతున్న పగటి నిడివిని బట్టి పూస్తుందని నాకు అప్పుడు కళ్లారా అర్థమైంది. అదే క్షేత్రంలో ముందుగా పూసిన పొట్టి, ముద్దకంకి రకానికి గింజ గట్టిపడే వేళకు వారం రోజులు ముసురు పట్టింది. కోసి చూస్తే గింజలన్నిటి మీదా గులాబి, నలుపు రంగుల బూజు. వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయాయి. వానలు వెలిశాక గింజ పట్టిన నాటు రకం శుభ్రంగా ఉంది. ఎత్తు ఎక్కువ, పూత ఆలస్యం అని రాసి, ఆ రెండు సాళ్లనూ తీసివేయవలసినవాటి జాబితాలో అప్పటికే చేర్చి ఉంచారు.

1963లో టెక్సాస్‌లో మొదలైన జొన్న మార్పిడి కార్యక్రమం ఉష్ణమండలపు రకాలను పొట్టిగా, పగటి నిడివితో నిమిత్తం లేకుండా పూసేలా మార్చింది. దానివల్ల గొప్ప మేలే జరిగింది: నీటి ఎద్దడిలోనూ ఆకు పచ్చగా నిలుపుకునే బి35 అనే జొన్న వంగడం అలా ఇథియోపియా నాటు రకం నుంచి వచ్చినదే. కానీ పూత వేళను తెలుసుకునే ఆ గుణాన్ని అన్నిచోట్లా లోపంగా లెక్కగట్టడం పెద్ద తప్పని నా దృఢమైన అభిప్రాయం. పైగా వాణిజ్య సంకర జొన్నల్లో అత్యధికం ఇప్పటికీ మైలో అనే జొన్న రకం నుంచి వచ్చిన ఒకే కణద్రవ్యం (కణంలో కేంద్రకం బయట ఉండి, తల్లి మొక్క నుంచే సంక్రమించే పదార్థం) మీద ఆధారపడి ఉన్నాయి. అలా ఒకే కణద్రవ్యాన్ని నమ్ముకున్న అమెరికా మొక్కజొన్నను 1970లో ఆకుమాడు తెగులు ఎంతగా దెబ్బతీసిందో తెలిసి కూడా మనం నిశ్చింతగా ఉండటం నాకు మింగుడుపడదు.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో, అంటే విత్తనాలు దాచే చలిగదుల్లో, 40,000కు పైగా జొన్న నమూనాలు భద్రంగా ఉన్నాయి కదా అని కొందరు అంటారు. చలిగదిలో విత్తనం బతికే ఉంటుంది, కానీ మారుతున్న వానలకు తగినట్టు తాను మారదు. ఆ మార్పు ఏటేటా విత్తే చేలోనే జరుగుతుంది. నా చేతికొచ్చిన పొట్లాల్లో ఎన్నిటి మీదో ‘స్థానికం’ అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు. విత్తనం సేకరించేవారు, దాన్ని ఏ వానకు విత్తుతారో, ఏ నేలలో వేస్తారో, కంకి ఎప్పుడు విరుస్తారో రైతును అడిగి, ఆ సంచి మీదే రాయాలని నా విన్నపం.