సీరియల్ సెట్ సగం ఆరిపోతే బల్బులని తిట్టకండి

"దీపావళికి పిట్టగోడ మీద కట్టిన సీరియల్ లైట్లు వాన పడ్డాక సగం వెలగడం లేదు, పారేయాలా?" అని అడిగారు. పారేయకండి. నన్నడిగితే, బయట కట్టిన సెట్‌లో బల్బు పోవడం చాలా అరుదు. పోయేది జాయింటే.

మాది కాకినాడ. దీపావళి నాటికి ఇక్కడ వానలు ఇంకా వదలవు, పైగా సముద్రపు ఉప్పుగాలి. రాగి తీగకి ఏడాది తిరక్కుండా చిలుము పడుతుంది. మూడేళ్ల కిందట పండగ నాడు మధ్యాహ్నం ఒక జల్లు కొట్టి పోయింది. సాయంత్రం స్విచ్ వేస్తే మేడ మీద సెట్‌లో వీధి వైపు సగం చీకటి. పక్కిల్లేమో పెళ్లిపందిరిలా వెలిగిపోతోంది. ఒకటే టెన్షన్. టెస్టర్ పట్టుకుని తడి మేడ ఎక్కి (మీరు ఆ పని చేయొద్దు, అది 230 వోల్టులు) ఆరిపోయిన బల్బుల కాళ్ల దగ్గర గుచ్చి చూశాను. అన్నిచోట్లా టెస్టర్ వెలుగుతోంది. కరెంటు వస్తోంది కాబట్టి బల్బులే మాడిపోయాయని తేల్చేశాను.

అప్పుడొచ్చాడు మా బాబాయి. ఒకప్పుడు చవితి పందిళ్లకి లైటింగ్ కట్టిన మనిషి. "ఒరేయ్, న్యూట్రల్, అంటే కరెంటు తిరిగెళ్లే తీగ తెగితే టెస్టర్ అన్నిచోట్లా వెలుగుతుందిరా. ముందు ప్లగ్గు పీకు" అన్నాడు. పీకాక వైరుని వేళ్ల మధ్య జార్చుకుంటూ నడిచాడు. బల్బుల వంక చూడనేలేదు. నీళ్ల గొట్టం పక్కన వైరు బాగా కిందికి వేలాడిన చోట ఆగాడు. అక్కడ నల్ల టేపు చుట్టిన జాయింట్. విప్పితే రెండు చుక్కల నీళ్లు కారాయి, రాగి పోగులు పచ్చటి పొడిగా రాలాయి. వేలాడిన చోటికే నీళ్లన్నీ చేరతాయి. జాయింట్‌ని తీసుకెళ్లి సరిగ్గా అక్కడ పెట్టిందెవరంటే, నేనే.

రెండు వైపులా అంగుళం కత్తిరించి, రాగి తళతళలాడేదాకా బ్లేడుతో గీకి, మెలేసి కొత్త టేపు బిగించాడు. ఈసారి జాయింట్ చూరు కింద, ఎత్తులో ఉండేలా కట్టాడు. సగమే ఎందుకు ఆరిందంటే, ఆ సెట్‌లో బల్బులు రెండు గుంపులు. ఒక్కో గుంపులో ఒకదాని తర్వాత ఒకటి సిరీస్‌లో ఉంటాయి. ఎక్కడ తెగినా ఆ గుంపంతా పోతుంది, రెండోది మామూలుగా వెలుగుతుంది.

మొత్తం ఆరిపోతే మాత్రం ముందు ప్లగ్గు, తర్వాత మెరుపులు మార్చే ఆ డబ్బా చూడండి. ఎనిమిది రకాల మెరుపులట! నిలకడగా వెలిగేది తప్ప మిగతా ఏడూ తలనొప్పే. వాన పడితే మొదట చచ్చేదీ ఆ డబ్బానే. పాత చిన్న బల్బుల సెట్లే నయం, కనీసం ఒక్కోటీ పీకి వేరేది పెట్టి చూసేవాళ్లం. ఇప్పుడు వెంట్రుకలాంటి వైరుకి ఎల్‌ఈడీలు అతికించి చేతిలో పెడుతున్నారు.

బాబాయి వేసిన ఆ ముడి ఇంకా గట్టిగానే ఉంది. నిరుడు కొన్న కొత్త సెట్ మాత్రం నాలుగు రోజులకే పోయింది. తీసుకెళ్తే షాపతను "బయట కట్టారా సార్? ఇది లోపల కట్టుకునేది" అన్నాడు. అట్టపెట్టె మీదేమో మేడంతా లైట్లు చుట్టిన ఇంటి బొమ్మ.