కథా సందేహాలు: గౌరమ్మకు ఏం కావాలి?

ప్రశ్న: నా కథలో నాయిక గౌరమ్మ, జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే కూలీ. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వాళ్ల కొబ్బరితోట కూలిపోయింది. చెన్నై వలస వెళ్లిన భర్త డబ్బు పంపడం మానేశాడు. కూతురికి జ్వరం, ఇంటి ముందు అప్పులవాళ్లు. ఇవన్నీ మా చుట్టుపక్కల నేను కళ్లారా చూసినవే. చదివినవాళ్లు ‘పాపం’ అంటున్నారు తప్ప ఎవరి మనసూ కదలడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: అమ్మా, మీరు జతచేసిన కథ శ్రద్ధగా చదివాను. మీరు చూసిందే రాశారని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయినా గౌరమ్మకు ఏం జరిగిందో తెలిసింది గానీ, గౌరమ్మ ఎవరో తెలియలేదు. తుపాను వచ్చింది, భర్త వెళ్లాడు, జ్వరం వచ్చింది, అప్పులవాడు వచ్చాడు. కథలో రాకపోకలన్నీ ఇతరులవే. గౌరమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడవడం తప్ప ఆమె తనంతట తాను చేసిన పని ఒక్కటీ లేదు.

జాలి కలగడానికి కష్టం ఒక్కటే చాలు. పుస్తకం మూసేశాక కూడా ఆమె గురించి దిగులుపడాలంటే, ఆమెకు ఏం కావాలో పాఠకుడికి తెలియాలి. ‘పిల్లతో సుఖంగా బతకాలి’ అన్నది లెక్కలోకి రాదు, అది లోకంలో అందరికీ ఉన్నదే. శనివారం లోపల, ఫలానా వస్తువు, ఫలానా మనిషి దగ్గర నుంచి రావాలి అన్నంత స్పష్టంగా ఉండాలి ఆ కోరిక.

మీ చేతిలో ఉన్న సంపదను మీరే ఒక్క వాక్యంలో దాటేశారు. ‘గౌరమ్మ రోజంతా పప్పు ఒలిచేది’ అన్నారు. అక్కడ ఆగండి. జీడి పిక్క పెంకులోని జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది, పిక్కలు కోసేవాళ్ల వేళ్లు నల్లబడతాయి. పొట్టు తీసేవాళ్ల కష్టం వేరు. వాళ్ల చేతిలో పప్పు విరగకూడదు. విరగని పప్పుకు ఒక ధర, బద్దకు అంతకంటే తక్కువ. కాబట్టి ఆ వరుసలో ఎవరిది మంచి చేయో అందరికీ తెలుసు. గౌరమ్మది మంచి చేయి అనుకోండి. ఆమె తట్టలో బద్దలు అందరికంటే తక్కువ. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, పక్కన కూర్చునే వదినకు తెలుసు, వదినకు కాస్త కంటగింపు కూడా. ఇప్పుడు గౌరమ్మకు గర్వించడానికి ఒకటుంది. అంటే, పోగొట్టుకోవడానికీ ఒకటుంది.

ఇక భర్త ఫోను రాని రోజున ఆమెను ఏడిపించకండి. ఆమె తట్టలో బద్దలు పెరగనివ్వండి. మేస్త్రీ చూసి, ఏమీ అనకుండా తట్ట పక్కకు జరపనివ్వండి. మర్నాడు ఆమె ఆ బద్దల్ని కొంగులో దాచిందా? ఎవరూ చూడకుండా వదిన తట్టలో కలిపేసిందా? ‘కంటికి సరిగా ఆనడం లేదు’ అని అబద్ధమాడిందా? ఒక్కో పని చేసే గౌరమ్మ ఒక్కో మనిషి. నాకైతే వదిన తట్టలో కలిపే గౌరమ్మ కావాలి. ఎందుకంటే ఆ సాయంత్రం ఆమె ఇంటికి నడిచి వెళ్లాల్సింది ఆ వదినతోనే. ఆ దారి పొడవునా వాళ్లేం మాట్లాడుకున్నారో రాయండి, మీ కథ అక్కడుంది.

కొబ్బరితోట విషయమూ అంతే. కూలిన చెట్లు లెక్కపెట్టారు గానీ, మళ్లీ నాటే మాట ఎత్తలేదు. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అంటే ఉద్దానంలో మొక్క నాటడమంటే అన్నేళ్లూ ఇక్కడే ఉంటామని తేల్చుకోవడం. నాటుదామని ఎవరన్నారు? వద్దని ఎవరన్నారు? ఆ ఒక్క తగవు రాస్తే చాలు, అతను చెన్నై ఎందుకు వెళ్లాడో, ఆమె ఎందుకు వెళ్లలేదో వేరే చెప్పనక్కర్లేదు.

నేను పలాసలో ఉద్యోగం చేసిన రోజుల్లో, సాయంత్రం ఫ్యాక్టరీలు వదిలే వేళ కాశీబుగ్గ వైపు నడిచే ఆడవాళ్లను చూసేదాన్ని. గట్టిగా నవ్వుకుంటూ, ఎవరినో అనుకరిస్తూ వెళ్లేవారు. వాళ్ల కష్టాలు తక్కువని కాదు. మీ కథలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

‘అభాగ్యురాలు’ అన్న మాట కూడా తీసేయండి. గౌరమ్మ తన గురించి అలా అనుకోదు.

ప్రశ్న: నా కథలోని వడ్డీ వ్యాపారి సినిమా ప్రతినాయకుడిలా ఉన్నాడంటున్నారు. అతనికి మంచి గుణం ఒకటి పెట్టనా? కుక్కను ప్రేమగా పెంచుతున్నట్టు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వద్దండీ. ఆ కుక్క అతికించినట్టే ఉంటుంది. అతను చేసే పనిలోనే అతనికి న్యాయమని తోచేది ఏదో ఉంటుంది, దాన్ని పట్టుకోండి. తండ్రి నోటిమాట మీద అప్పిచ్చి మునిగిపోయాడు, అందుకే ఇతను తోబుట్టువుకైనా ప్రామిసరీ నోటు లేనిదే పైసా ఇవ్వడు. అతని దృష్టిలో అది క్రౌర్యం కాదు, జాగ్రత్త. ఇప్పుడు సొంత చెల్లెలు ఆసుపత్రి ఖర్చుకని వచ్చి నిలబడింది. అతను నోటు తీస్తాడు. చేయి వణికించకండి. కలం ఆమెకు అందిస్తూ ‘అన్నం తిన్నావా?’ అని అడగనివ్వండి.

ఇది మొదటి ప్రతిలోనే కుదరాలని లేదు. మా విజయనగరంలో 1892లో ఆడిన కన్యాశుల్కాన్ని గురజాడ 1897లో అచ్చు వేయించారు. తర్వాత ఎంతగానో పెంచి, మార్చి, 1909లో మళ్లీ ప్రచురించారు. మనందరికీ ఇంత ఇష్టమైన మధురవాణి ఈ నిండైన రూపానికి వచ్చింది ఆ రెండో కూర్పులోనే. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని ఆమె వచ్చే రంగాలు మాత్రం చదవండి. ఏ పాఠం చెప్పినా అంత తెలియదు.

ప్రశ్న: రాయబోయే ముందు పాత్ర వయసు, చదువు, ఇష్టమైన రంగు, తిండి అన్నీ పట్టికగా రాసుకోవాలా?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: రాసుకుంటే నష్టం లేదు. అయితే ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటి, ఎంత అవసరమొచ్చినా చేయనని పట్టుబట్టే పని ఒకటి అందులో ఉండాలి. రంగు దగ్గర మొదలుపెడితే అక్కడే ఆగిపోతారు. మీ ఊళ్లోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికలు, కథల సంపుటాలు ఎన్నో ఉన్నాయి. మీరెన్నడూ పేరు వినని రచయిత కథ ఒకటి తీయండి. ఏ వాక్యం దగ్గర ఆ మనిషి మీ కంటికి కనిపించాడో దాన్ని నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకోండి. అలాంటివి కొన్ని పోగయ్యాక నాకు పంపండి, వాటి మీద ఇక్కడే మాట్లాడుకుందాం.