ఎడమ చేతికి కట్టు, కుడి చేతిలో బంతి

ప్రశ్న: 1984లో వెస్టిండీస్ జట్టు ఇంగ్లండ్ వెళ్లి ఐదు టెస్టులూ గెలిచిన సంగతి మా నాన్నగారు ఇప్పటికీ చెబుతుంటారు. నలుగురు ఫాస్ట్ బౌలర్లను పెట్టుకుని బలహీనమైన జట్టును బెదరగొట్టి గెలిచిన సిరీస్‌ అది. దానికి అంత గొప్పతనం ఎందుకు?

జవాబు: మీ నాన్నగారి పక్షమే నాది. ముందుగా ఆ ‘బలహీనమైన జట్టు’ సంగతి చూద్దాం. కెప్టెన్ గవర్, బోథమ్, విల్లిస్, అలన్ లాంబ్ ఉన్న జట్టు అది. మీరు చెబుతున్న ఆ ఫాస్ట్ బౌలర్లనే ఎదుర్కొని లాంబ్ వరుసగా మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టాడు. భయపడినవాడు చేయగలిగిన పని కాదది.

ఎడ్జ్‌బాస్టన్‌లో ఇన్నింగ్స్ 180 పరుగుల తేడాతో గెలవడం, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వెస్టిండీస్ ఓపెనర్ గ్రీనిడ్జ్ 223 కొట్టడం చూసి సిరీస్ అంతా ఏకపక్షమనుకుంటాం. నేను మాత్రం మిగిలిన మూడు టెస్టుల వైపే చూస్తాను. ఆ మూడింటిలోనూ ఏదో ఒక దశలో వెస్టిండీస్ చిక్కుల్లో పడింది. లార్డ్స్‌లో బోథమ్ 103 పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీశాడు. ఆ దెబ్బకు ఇంగ్లండ్‌కు తొలి ఇన్నింగ్స్‌లో 41 పరుగుల ఆధిక్యం దక్కింది. చివరి రోజు ఉదయం గవర్ డిక్లేర్ చేసి 342 లక్ష్యం ఇచ్చాడు. అప్పటి లెక్కల ప్రకారం అది డ్రా కోసం ఆడుకోవలసిన లక్ష్యం. గ్రీనిడ్జ్ 214, గోమ్స్ 92 పరుగులతో అజేయంగా నిలిచారు. 66.1 ఓవర్లలో పని పూర్తయింది. పడింది ఒకే ఒక్క వికెట్, అది కూడా హేన్స్ రనౌట్. అంటే ఆ రోజంతా ఇంగ్లండ్ బౌలర్ల ఖాతాలో ఒక్క వికెట్ కూడా చేరలేదు. లార్డ్స్‌లో అంతకు మించిన ఛేదన ఇప్పటికీ లేదు.

ఇక హెడింగ్లీ. ఆ మ్యాచ్ గురించి రాయమంటే నాకు పేజీలు చాలవు.

తొలిరోజే స్లిప్ పక్కనుండే ‘గల్లీ’ స్థానంలో ఫీల్డింగ్ చేస్తూ వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ మాల్కం మార్షల్ ఎడమ బొటనవేలు విరగ్గొట్టుకున్నాడు. ఇక ఆ మ్యాచ్‌లో అతను లేనట్టేనని అందరూ అనుకున్నారు. వెస్టిండీస్ బ్యాటింగ్‌లో హోల్డింగ్ సిక్సర్లతో 59 కొట్టి జట్టును గట్టెక్కించాడు. తొమ్మిదో వికెట్ పడేసరికి గోమ్స్ 96 మీద ఉన్నాడు. ఇన్నింగ్స్ ముగిసిందనుకుని ఆటగాళ్లు పెవిలియన్ వైపు కదలబోతుంటే లోపలి నుంచి మార్షల్ వచ్చాడు. ఎడమ చేతికి ప్లాస్టర్, కుడి చేతిలో బ్యాట్. సహచరుడికి ఆ నాలుగు పరుగులు దక్కాలని వచ్చాడు. గోమ్స్ సెంచరీ పూర్తయింది, 104 నాటౌట్. మార్షల్ కూడా ఒంటి చేత్తో ఒక ఫోర్ కొట్టాడు.

అంతటితో ఆగి ఉంటే అదొక మంచి కథగా మిగిలేది. అతను వెంటనే అదే కట్టుతో బౌలింగ్‌కు దిగాడు. 53 పరుగులిచ్చి ఏడు వికెట్లు తీశాడు. ఆ ఇన్నింగ్స్ స్కోరు కార్డులో ఒక వరుస చూడండి: ఫౌలర్, క్యాచ్ అండ్ బౌల్డ్ మార్షల్, 50. తన బౌలింగ్‌లో క్యాచ్ తానే పట్టుకున్నాడు. బౌలర్ పరుగెత్తుకొచ్చి బంతి వదిలేటప్పుడు రెండో చేయి ఎంత ముఖ్యమో ఆడినవాళ్లకు తెలుసు. శరీరం నిలకడ తప్పకుండా చూసేది ఆ చేయే. అది కట్టులో ఉండగా ఇంగ్లండ్‌ను 159కి కూల్చాడు. దీన్ని బెదరగొట్టడం అనడానికి నాకు మనసొప్పదు.

ఓవల్‌లోనూ అంతే. తొలి ఇన్నింగ్స్‌లో వెస్టిండీస్ 190కే ఆలౌటైనా, మార్షల్ 35 పరుగులకు ఐదు వికెట్లు తీసి 28 పరుగుల ఆధిక్యం తెచ్చాడు. హేన్స్ 125 చేశాడు. చివరి ఇన్నింగ్స్‌లో హోల్డింగ్ తన పాత పొడవాటి రనప్‌కు మళ్లాడు. 1976లో అదే మైదానంలో 14 వికెట్లు తీసిన రనప్ అది. ఈసారి ఐదు వికెట్లు. ఇంగ్లండ్ గడ్డపై విదేశీ జట్టు సాధించిన 5-0 అదొక్కటే.

ప్రశ్న: ఆ జట్టులో స్పిన్నర్లకు చోటెందుకు ఉండేది కాదు?

జవాబు: అసలు లేకపోలేదు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆఫ్ స్పిన్నర్ రోజర్ హార్పర్ 57 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. కానీ కెప్టెన్ క్లైవ్ లాయిడ్ వేగం వైపు మళ్లడానికి కారణాల్లో మన జట్టూ ఒకటి. 1976 ఏప్రిల్‌లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ముగ్గురు స్పిన్నర్లతో ఆడిన వెస్టిండీస్‌పై భారత్ 403 లక్ష్యాన్ని నాలుగే వికెట్లు కోల్పోయి ఛేదించింది. అంతకు కొన్ని నెలల ముందే ఆస్ట్రేలియాలో లిల్లీ, థామ్సన్ ధాటికి 5-1తో ఓడి వచ్చారు. ఆ రెండు దెబ్బలూ లాయిడ్ మరిచిపోలేదు.

ప్రశ్న: ఆ పర్యటనలో మీకు నచ్చని విషయం ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. ఎడ్జ్‌బాస్టన్‌లో మార్షల్ బంతి తలకు తగిలి ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ ఆండీ లాయిడ్ ఆసుపత్రి పాలయ్యాడు. అది అతని తొలి టెస్టు. హెల్మెట్ ఉన్నా చూపు దెబ్బతింది. పది పరుగుల వద్ద రిటైర్డ్ హర్ట్. మళ్లీ టెస్టు ఆడలేదు. అది బౌలర్ తప్పని నేను అనను. కానీ ఆ స్కోరు కార్డు తీసినప్పుడల్లా ఆ పది పరుగుల దగ్గర నా చూపు ఆగిపోతుంది. బ్యాట్స్‌మన్‌కు ఓవర్‌కు ఒక్క బౌన్సరే (తల ఎత్తుకు లేచే బంతి) అన్న నిబంధన 1991లో వచ్చింది. ఆ తర్వాత దాన్ని సడలించారు. బౌన్సర్‌ను పూర్తిగా తీసేయడం నాకిష్టం లేదు. హద్దు మాత్రం ఉండవలసిందే.

ప్రశ్న: రిచర్డ్స్ పేరే ఎత్తలేదేం?

జవాబు: ఆ టెస్టుల్లో అతనిది ఒకే సెంచరీ. గ్రీనిడ్జ్ 572, గోమ్స్ 400 పరుగులు చేశారు. గోమ్స్ పేరు ఎవరూ తలచుకోరు, అందుకే ముందు అతని గురించి రాశాను. రిచర్డ్స్ అసలు దెబ్బ టెస్టులకు ముందే, మే 31న ఓల్డ్ ట్రాఫర్డ్ వన్డేలో పడింది. తొమ్మిది వికెట్లు పడేసరికి స్కోరు 166. అక్కడి నుంచి హోల్డింగ్‌ను తోడుగా నిలుపుకుని 106 పరుగులు జోడించాడు. అందులో హోల్డింగ్‌వి పన్నెండే. రిచర్డ్స్ 189 నాటౌట్, ఇంగ్లండ్ జట్టు మొత్తం 168.