డాక్‌లోకి నీళ్లు వదిలేలోపు

మల్కాపురం, విశాఖపట్నం
మే నెల, బుధవారం

చిరంజీవి అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మధురవాడ నుంచి వచ్చి, అన్నం తిన్నంతసేపూ ఫోను బోర్లించి పెట్టుకుని కూర్చున్నావు. మీ అత్త "ఒంట్లో బాలేదా తల్లీ" అంటే నవ్వేసి ఊరుకున్నావు. తర్వాత వరండాలో నాకు ఆ లిస్టు చూపించావు. మొత్తం 63 పనులు. అందులో 18 పోయిన ఏడాదివి. "రోజూ పొద్దున్న ఇది సర్దుకోడానికే అరగంట పడుతోంది మావయ్యా. సాయంత్రానికి మళ్లీ పెరుగుతోంది. నాలోనే ఏదో లోపం ఉంది" అన్నావు. ఆ మాటకి అప్పటికప్పుడు జవాబు తోచలేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

లోపం నువ్వు లిస్టు రాసుకునే తీరులో ఉందమ్మా. తీరు మార్చుకోవచ్చు.

నీలా నాకు వెబ్‌సైట్లు కట్టడం రాదు. ఓడల మరమ్మత్తులో ప్లానింగ్ పని మాత్రం 31 ఏళ్లు చేశాను. పనుల లిస్టు రాయడం, దాన్ని పట్టుకుని డాక్ అంతా తిరగడం, లెక్క తప్పితే పెద్దవాళ్లతో మాటలు పడటం, ఇదే నా ఉద్యోగం. కాబట్టి లిస్టుల గురించి నాకు తెలిసిందేదో చెప్తాను, నీ పనికి ఎంత పనికొస్తుందో నువ్వే చూసుకో.

ఓడ డ్రై డాక్‌లోకి వచ్చాక వెనక గేటు మూసి నీళ్లు తోడేస్తారు. ఓడ మెల్లగా దిగి కింద వరసగా పేర్చిన దిమ్మల మీద కూర్చుంటుంది. అంతకుముందే ఓడవాళ్లు మా చేతికి ఒక లిస్టు ఇస్తారు. నూట యాభై పనులుండొచ్చు, రెండొందలుండొచ్చు. కేబిన్‌లో ఫ్యాను తిరగట్లేదన్న ముక్కా, చుక్కాని కదులుతోందన్న ముక్కా పక్కపక్కనే, ఒకే అక్షరాల్లో ఉంటాయి. మేం మొట్టమొదట చేసే పని దాన్ని రెండుగా చీల్చడం. ఓడ నీళ్లలో తేలుతున్నా చేయగలిగినవి ఒక కాగితం మీదకి పోతాయి. నీళ్లు తోడేసి ఉన్నప్పుడు తప్ప చేయలేనివి ఇంకో కాగితం మీదకి. అడుగున పట్టిన గుల్లలు గీకడం, రంగు వేయడం, ప్రొపెల్లర్, చుక్కాని, సముద్రపు నీళ్లు లోపలికి తీసుకునే సీ వాల్వులు, తుప్పు తమ మీదకి లాక్కోవడానికి అడుగున బిగించే జింకు దిమ్మలు, ఇవన్నీ రెండో కాగితం. ఫ్యాను రేపైనా బాగు చేసుకోవచ్చు, సముద్రం మధ్యలోనైనా చేసుకోవచ్చు. సీ వాల్వు అలా కాదు. డాక్‌లోకి నీళ్లు వదిలారంటే దాని సమయం అయిపోయినట్టే.

ఈ తేడా నాకు ఎలా తలకెక్కిందో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఒక సరుకు ఓడ. లిస్టులో 172 పనులు. మర్నాడు పొద్దున్న ఆరింటికి నీళ్లు వదలాలి. ముందు రోజు సాయంత్రానికి 161 టిక్కులు పడ్డాయి. మా ఆఫీసర్ భుజం తట్టారు, నాకు గాల్లో తేలినట్టు ఉంది. ఆ రాత్రి ఎందుకో మనసాగక టార్చిలైటు పట్టుకుని ఇంజన్ రూమ్‌లోకి దిగాను. అడుగు పలకల పక్కన ఒక సీ వాల్వు ఉండాల్సిన చోట కొబ్బరికాయ పట్టేంత చిల్లు. అందులోంచి డాక్ గోడ కనిపిస్తోంది, చల్లటి గాలి మొహానికి కొడుతోంది. వాల్వేమో వర్క్‌షాపు బెంచి మీద, లోపల మూత ఆనుకునే సీటు రుద్దడం కోసం విప్పి పెట్టి ఉంది. పరుగెత్తి లిస్టు తీసి చూశాను. 44వ పని: "వాల్వులు ఓవర్‌హాల్ చేయాలి." పక్కన టిక్కు. తొమ్మిది వాల్వులకి కలిపి ఒకే గీత రాసింది నేనే. ఎనిమిది బిగించాక ఫిట్టరు టిక్కు కొట్టాడు. అతని తప్పేం లేదు, నేను రాసిన మాటకి అదీ సరిపోతుంది.

నీళ్లు వదలడం ఆపారు. ఇంకో రోజున్నర డాక్ అద్దె మా నెత్తిన పడింది, బయట లంగరేసుకుని ఇంకో ఓడ ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఆ రాత్రి నేను కిందికి దిగకపోయి ఉంటే ఇంజన్ రూమ్ మునిగేది. ఇప్పటికీ ఆ చిల్లు నా కళ్లముందు కనిపిస్తుంది. 161 టిక్కులూ దాన్ని మూయలేకపోయాయి.

ఇప్పుడు నీ లిస్టు దగ్గరికి వస్తాను. శుక్రవారం నువ్వు తొమ్మిది టిక్కులు కొట్టావు. చదివాను. బటన్ రంగు మార్చడం, ఫుటర్‌లో ఏడాది సరిచేయడం, రెండు మెయిళ్లకి జవాబు, ఒక ఫోటో సైజు తగ్గించడం, ఇలాంటివే అన్నీ. ఆ తొమ్మిదీ ఓడ తేలుతున్నప్పుడు చేసే పనులు తల్లీ. పైన మూడో వరసలో ఉన్న "పేమెంట్ పేజీ సరిచేయాలి" అన్నది మాత్రం ఆరు వారాలుగా అక్కడే ఉంది. పెద్ద పని చూసి భయమేసినప్పుడు చెయ్యి చిన్న టిక్కుల మీదకి పోతుంది. నేనూ అదే చేశాను గనక చెప్తున్నాను.

నీ డాక్ ఏదో ముందు కనుక్కో. రోజులో నిన్నెవరూ పిలవని, తల మొత్తం ఒకేదాని మీద పెట్టగలిగిన సమయం. నువ్వు చెప్పిన ప్రకారం పదింటికి మీ టీమ్ అంతా కలిసే స్టాండప్ మీటింగు, తర్వాత మెసేజీలు, మధ్యాహ్నం రివ్యూలు, సాయంత్రం క్లయింటు కాల్స్. అంటే పొద్దున్న ఎనిమిది నుంచి పది దాకా నీది. రుషికొండ ఆఫీసుకి తొందరగా పోతావో, ఇంట్లోనే కూర్చుంటావో నీ ఇష్టం. ఆ రెండు గంటల్లోకి ఒక్క ఓడనే రానివ్వు. ఒక డాక్‌లో రెండు ఓడలు ఇరికించడం నేనూ చూశాను, రెండింటి పనీ చెడింది. ముందు రోజు సాయంత్రమే ఆ ఒక్క పనీ చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టుకో, పొద్దున్న లేచి ఏది చేయాలా అని వెతుక్కోకూడదు. ఫోను ఇంకో గదిలో ఉండాలి. మిగతా చిన్న పనులకి సాయంత్రం ఒక గంట కేటాయించు, అప్పుడు వరసపెట్టి టిక్కులు కొట్టుకో. వాటిని తక్కువ చేయడం లేదు, ఫ్యాను తిరగకపోతే నావికుడికి నిద్ర పట్టదు.

రెండోది, పని రాసే పద్ధతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, నా 44వ పని గుర్తొస్తోంది కాబట్టి. "పేమెంట్ పేజీ సరిచేయాలి అంటే ఏంటమ్మా" అని ఆదివారం నిన్ను అడిగాను. నువ్వు పావుగంట చెప్పావు, నేను పాత క్యాలెండరు వెనక రాసుకున్నాను. కస్టమరు ఫోన్‌లో యూపీఐతో డబ్బు కడతాడు, సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోతుంది. డబ్బు ఖాతాలోంచి పోయింది, పేజీ మాత్రం "విఫలమైంది" అంటుంది. అతను కంగారుపడి మళ్లీ నొక్కుతాడు, రెండో ఆర్డరు పడుతుంది. మీ సైటేమో బ్రౌజరు తిరిగొచ్చి చెప్పే మాటనే నమ్ముతోంది, మధ్యలో డబ్బు చేరవేసే పేమెంట్ గేట్‌వే మీ సర్వరుకి నేరుగా పంపే కబురు చూడటం లేదు. ఇదంతా నీకు పూర్తిగా తెలుసు. నీ లిస్టుకి మాత్రం తెలియదు. నువ్వు చెప్పిన మాటలే నేను విడగొట్టి రాస్తే ఇలా వచ్చింది: టెస్టు సర్వరులో, డబ్బు కట్టే క్షణంలో నెట్ ఆపి, ఆ తప్పు మళ్లీ రప్పించి చూడాలి. జరిగిందంతా సర్వరు రాసిపెట్టుకునే లాగ్‌లో అలాంటి ఆర్డర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఒకే ఆర్డరు నంబరుతో రెండోసారి వస్తే కొత్త ఆర్డరు పుట్టకుండా సర్వరులో అడ్డం వేయాలి. గేట్‌వే కబురు అందాకే "కట్టారు" అని రాయాలి. "విఫలమైంది" బదులు "చూస్తున్నాం, కాసేపు ఆగండి" అన్న మాట పెట్టాలి.

ఒక్కో ముక్కకీ చివర ఏది కనిపిస్తే అయినట్టో ఉంది, చూడు. అలా లేనిదేదీ లిస్టులోకి రానివ్వకు. "సరిచేయాలి", "చూడాలి", "మెరుగుపరచాలి" అన్న మాటలు కనబడితే ఆగి, తొమ్మిది వాల్వులూ విడివిడిగా రాయి. మొదటి ముక్క గంటలో అయిపోతుందని నువ్వే అన్నావు. ఆరు వారాలు భయపెట్టిన పనికి మొదటి మెట్టు ఒక్క గంట.

సమయం లెక్క ఎప్పుడూ తప్పుతోంది అన్నావు కదా. దానికి మా ప్లానింగ్‌వాళ్ల దగ్గర పాత పద్ధతి ఒకటి ఉంది. 1958లో అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి వదిలే పొలారిస్ క్షిపణుల పని కోసం తయారుచేయించింది, పెర్ట్ అంటారు. ఒక పనికి మూడు అంచనాలు రాయాలి. అన్నీ కలిసొస్తే ఎంత, మామూలుగా ఎంత, అన్నీ ఎదురుతిరిగితే ఎంత. మామూలుదాన్ని నాలుగుతో హెచ్చించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. నువ్వు రెండు గంటలు, నాలుగు గంటలు, పన్నెండు గంటలు అనుకుంటే, లెక్క ఐదు గంటలు వస్తుంది. ఫార్ములా కన్నా ఆ మూడో అంకె రాయడమే ముఖ్యం. "పన్నెండు ఎందుకవుతుంది" అని నిన్ను నువ్వు అడుగుతావు, అప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది. పేమెంట్ పనికే చేసి చూడు.

ఓడ పలక గీకాకగానీ లోపల ఎంత తుప్పుందో తెలియదు. లిస్టులో లేని పని ప్రతి డాక్‌లోనూ పుట్టేది, అందుకే మేం రోజులన్నీ నింపేవాళ్లం కాదు. నీ కోడ్‌లోనూ ఒకటి విప్పితే ఇంకోటి బయటపడుతుందన్నావు. ఎనిమిది గంటల రోజుకి నాలుగైదు గంటల పనే రాసుకో. మిగతా సమయాన్ని తుప్పు తినేస్తుంది, తినకపోతే ఇంటికి తొందరగా పో.

ఆ 18 పాత పనుల్ని ఆదివారం కలిసి చూద్దాం. నా అంచనాలో పదైనా కొట్టేయొచ్చు. ఏడాదిగా ఎవరూ అడగని పని కొట్టేస్తే పాపం లేదు. "రియాక్ట్ బాగా నేర్చుకోవాలి", "ఇంగ్లీషు మెరుగుపడాలి", "బరువు తగ్గాలి" లాంటివి పనులు కావు, కోరికలు. మంచి కోరికలే. వాటికి వేరే నోటుబుక్కు పెట్టు. రోజూ చేసే పనుల మధ్య కూర్చుని అవి నిన్ను నిలదీస్తున్నాయి, అది నాకు నచ్చలేదు.

ఇక గోల్స్. వచ్చే ఉగాదికల్లా నీ సొంత సైటు "అన్నీ పూర్తయ్యాకే" లాంచ్ చేస్తానన్నావు. లాంచ్ అన్న మాట మా ఊరి యార్డుదే అనిపిస్తుంది నాకు. ఇక్కడి సింధియా యార్డులో కట్టిన 'జల ఉష' ఓడను, స్వతంత్రం వచ్చాక, 1948 మార్చి 14న నెహ్రూ గారు నీళ్లలోకి వదిలారు. మా నాన్న ఆ రోజు ఒడ్డున జనంలో నిలబడ్డారట, చెప్పినప్పుడల్లా కళ్లు చెమర్చేవి. ఓడని నీళ్లలోకి వదిలేనాటికి అన్నీ పూర్తయి ఉండవమ్మా. తేలితే చాలు. ఆ తర్వాత జట్టీ పక్కన కట్టేసి నెలల తరబడి లోపలి అమరికలు చేస్తారు. నీ సైటు కూడా ఒక పేజీ, నువ్వు చేసిన రెండు ప్రాజెక్టులు, నిన్ను చేరే దారి, వీటితో తేలుతుంది. ఉగాది దాకా ఎందుకు? ఆగస్టులో వదిలెయ్, తర్వాత అమర్చుకో.

ఇంకొక్క మాట. ఏడాది గోలు అంటే జనవరి ఒకటినే మొదలవ్వాలని ఎవరన్నారు? నిన్న సాయంత్రం ఫిషింగ్ హార్బర్ వైపు నడిచాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒకాయన ఒక బోటు అడుగున వెల్లకిలా పడుకుని చెక్కల మధ్య సందులు పూడుస్తున్నాడు. పక్కన ఇద్దరు వల అల్లుతున్నారు. ఆ 61 రోజులూ వాళ్లకి డాక్. తర్వాత పది నెలలు సముద్రం వాళ్లని ఇలా కూర్చోనివ్వదు. "ఎన్నాళ్ల పని" అని అడిగితే, "పద్నాలుగో తారీకు రాత్రికి అయిపోవాలండి, ఏటుంటే అది" అన్నాడు. మీ ప్రాజెక్టు జులైలో కొన్నాళ్లు నెమ్మదిస్తుందన్నావు. కొత్తది నేర్చుకోడానికి ఆ రోజులు తీసి పెట్టుకో. ఒకే విషయం తీసుకో, ముగిసే తారీకు క్యాలెండరు మీద రాయి.

అప్పటిదాకా లిస్టు చూసుకుని ఏడవకు. అర్ధరాత్రి రెండింటికి లేచి దానికి ఇంకో పని కలుపుతున్నావని మీ అమ్మ చెప్పింది. పక్కన కాగితం పెన్ను పెట్టుకుని, గుర్తొచ్చింది రాసేసి పడుకో. ఫోను ముట్టుకోకు. నాకిది పనికొచ్చింది.

ఆదివారం పొద్దున్నే రా. 63 పనులూ కాగితం మీద రాసుకుని రా, ఫోనులో వద్దు. మీ అత్త పనసపొట్టు కూర చేస్తానంటోంది, నాకు ఆవపెట్టి పెట్టమని చెప్పాను. వచ్చేటప్పటికి నెట్ ఆపి ఆ తప్పు రప్పించి చూసే గంట పని అయిందో లేదో అడుగుతాను.

ఇట్లు
మీ మావయ్య