కాల్పులు జరిగే పేటలో పనికి వెళ్తున్న నా మేనకోడలికి

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

ప్రజారోగ్యంలో చదువు ముగించి, చికాగో దక్షిణ ప్రాంతంలో కాల్పులను ఆపే స్థానిక బృందంలో చేరుతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు నాకు సంతోషంతో పాటు గుబులూ కలిగింది. ఈ నగరంలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఇరవై ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను.

తూటా తగిలి ఆసుపత్రికి వచ్చిన కుర్రవాడికి వైద్యులు ఉంటారు; నీవు అతని కోసం వచ్చి గోడ పక్కన నిలబడిన స్నేహితులను చూడు. వారిలో ఒకడు ఎవరితోనూ మాట్లాడకుండా, వెలుగుతున్న ఫోను వంక చూస్తూ ఉండి, ఉన్నట్టుండి బయటికి నడుస్తాడు. అలా ఒకడు పగ తీర్చుకోవడానికి వెళ్లాక, తెల్లవారకముందే మరో స్ట్రెచర్ వచ్చిన రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అతను తలుపు దాటేలోగా పేరు పెట్టి పిలిచి ఆపగలిగిన మనిషి అక్కడ ఉండడమే మీ పనిలో అసలు సంగతి.

ఆఫ్రికాలో కలరా, ఎయిడ్స్ వంటి వ్యాధులపై పనిచేసి వచ్చిన వైద్యుడు గ్యారీ స్లట్కిన్, హింస కూడా అంటువ్యాధిలా ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని భావించి, 2000లో చికాగోలోని వెస్ట్ గార్‌ఫీల్డ్ పార్క్ పేటలో సీజ్‌ఫైర్ అనే కాల్పుల నివారణ కార్యక్రమం మొదలుపెట్టాడు. పగలను చల్లార్చే పనికి ఆ వీధుల్లోనే పెరిగినవారిని, వారిలో జైలు చూసి వచ్చినవారిని కూడా తీసుకున్నారు. నీ పట్టాకు తెరుచుకోని తలుపు వారి గొంతుకు తెరుచుకుంటుంది కనుక, మొదటి ఏడాది వారి వెనుక నడిచి, వారు చెప్పింది విను. అక్కడ విన్న మాట పోలీసులకు చేరుతోందన్న అనుమానం ఒక్కసారి పుట్టినా ఏళ్ల నమ్మకం పోతుంది.

చికాగో దక్షిణాన ఉన్న ఇంగిల్‌వుడ్ పేటలో ఒక తల్లి కాల్పుల్లో చనిపోయాక, 2015 వేసవిలో కొందరు తల్లులు 75వ వీధి, స్టూవర్ట్ అవెన్యూ కూడలిలో కుర్చీలు వేసుకుని, వంట చేసి వచ్చినవారికి పెడుతూ కూర్చున్నారు. వీలైతే అక్కడికి వెళ్లి ఒక సాయంత్రం గడుపు. ఫిలడెల్ఫియాలో పాడుబడిన ఖాళీ స్థలాలను శుభ్రం చేసి గడ్డి, చెట్లు వేస్తే, అత్యంత పేద పేటల్లో తుపాకీ హింస సుమారు 29 శాతం తగ్గినట్టు 2018లో వెలువడిన అధ్యయనం చూపింది. చీపురు పట్టడం కూడా ఈ పనిలో భాగమే.

ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు, నిధులూ నిలకడగా ఉండవు. 2015లో ఇల్లినాయిస్ ప్రభుత్వ నిధులు ఆగి చాలా పేటల్లో సీజ్‌ఫైర్ పని నిలిచిపోయింది. మరుసటి ఏడు నగరంలో హత్యలు 750 దాటాయి. దానికి అదొక్కటే కారణమని నేను అనను కానీ, పేటలో నీవు నిలబెట్టుకోగలిగినంతే మాట ఇవ్వు.

చదువుకోవడానికి వచ్చి, రాత్రిపూట పెట్రోలు బంకుల్లో పనిచేస్తూ తూటాలకు బలైన మన పిల్లల వార్తలు విన్నప్పుడు, మనవారు ఆ పేటలనే తిట్టుకుంటారు. ఆ పేటల తల్లులు ఎన్నో ఏళ్లుగా అదే కడుపుకోత మోస్తున్నారని మన ఇళ్లలో నీవే చెప్పాలి.

బాల్టిమోర్‌లో ఇదే పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అందువల్ల ఒప్పందంపై సంతకం పెట్టేముందు, వీధిలోకి వెళ్లేవారికి బీమా ఎంత, ఎవరినైనా పోగొట్టుకున్న వారంలో సెలవు ఇస్తారా, మనసు కుదుటపడేందుకు మాట్లాడే మనిషి ఉన్నారా అని అడుగు. జవాబు కాగితం మీద రాయించుకుని, నాకు ఫోను చెయ్యి.

మీ అత్తయ్య